పల్లెవాసుల ఛాయాచిత్రములు: తీయుట, సరిదిద్దుట, అచ్చువేయుట

గ్రామములలో పెద్దవారెవరైనను కాలము చేసినపుడు, పెద్దకర్మ నాటికి పటము కట్టించుటకై ఇంటివారు ఛాయాచిత్రము కొరకు వెదకుదురు. పెళ్ళినాటి చిత్రము చాలమందికి ఉండనే ఉండదు. ఉన్నను చెదలు తినియుండును. తుదకు ఆధార్ కార్డో, ఓటరు కార్డో చేతికి దొరకును. దానిని హనుమకొండకో, వరంగల్లుకో కొనిపోయి, అందున్న బొటనవ్రేలి గోరంత ముఖమును గోడపటమంత చేయించుకొని వత్తురు. పటములో పూలదండ ఉండును, వెనుక నీలాకాశము ఉండును, ఆయన జీవితమున ఎన్నడును తొడుగని కోటు కూడ ఉండును. ముఖము మాత్రము ఆయనది కాదు. చిన్నపిల్లలు చూచి "ఈ తాత ఎవరు?" అని అడుగుటయు కలదు.

ఇందు స్టూడియోవారి దోషము స్వల్పము. చిత్రములో లేని వివరమును ఏ యంత్రమును తిరిగి తేజాలదు. ఉన్న వివరమును పైకి తెచ్చుటకు మాత్రము నేడు చక్కని పద్ధతులు కలవు. ఈ రెంటికిని గల భేదమును పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట మిక్కిలి అవసరము. ఏలయనగా గ్రామమునందలి ముఖములు నేడు అనేక కార్యములకై చిత్రింపబడుచున్నవి. పింఛను దరఖాస్తు మొదలు పంచాయతీ కార్యాలయపు గోడపై పటము వరకు అన్నిటను ముఖము స్పష్టముగా ఉండవలసియున్నది.

ముఖచిత్రములను చేతితో సరిదిద్దుట కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. మీరట్ సమీపమునందలి సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్ దయాళ్ 1886లో సికిందరాబాదునందు ఛాయాచిత్రశాలను నెలకొల్పెను. ఆరవ నిజాము ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అను బిరుదమిచ్చెను. హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని, వరంగల్ కోటను ఆయన తీసిన చిత్రములు నేటికిని నిలిచియున్నవి. పరదా పాటించు స్త్రీల కొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియోను తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. ఆ కాలపు చిత్రములు గాజుపలకలపై తీయబడెడివి. గాజుపలకపై ముఖమునందలి మచ్చలను, కన్నుల క్రింది నీడలను సన్నని పెన్సిలుతో దిద్దువారు పెద్ద స్టూడియోలలో వేరుగా ఉండెడివారు. దిద్దుట అధికమైనచో ముఖము మైనపు బొమ్మవలె అగునని నాటివారికిని తెలియును. దీన్ దయాళ్ 1905లో మరణించెను. ఆయన తీసిన గాజుపలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రపరుపబడియున్నవి.

నాడు తన ముఖమును చిత్రముగా చూచుకొను భాగ్యము నవాబులకును, దొరలకును, అధికారులకును దక్కినది. రైతులు, కూలీలు, చేతివృత్తులవారు చిత్రములలో కానవచ్చినను, ఎక్కువగా గుంపులో ఒకరుగనో, కట్టడము ఎంత ఎత్తున్నదో తెలుపుటకు దాని ప్రక్కన నిలబెట్టిన మనిషిగనో కానవత్తురు. వారికి పేరు వ్రాయబడలేదు. వరంగల్లునకు చెందిన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్, 2022లో దివంగతుడగు వరకు, తెలంగాణ పల్లెల జీవితమును, సామాన్యుల ముఖములను శ్రద్ధతో చిత్రించెను. ఇపుడు ప్రతి ఇంటను ఒక సెల్‌ఫోను ఉన్నది. అయినను ఇంటి పెద్దల మంచి చిత్రము ఒక్కటియైనను లేని ఇండ్లు అనేకము. ఫోనులో వేలకొలది చిత్రములుండును. అవ్వ చిత్రము మాత్రము ఏ పెండ్లి పందిరిలోనో, సగము ముఖము మరియొకరి భుజము వెనుకనుండి కానవచ్చునట్లు ఉండును.

కంప్యూటరు చిత్రమును ఎట్లు చూచునో మొదట తెలిసికొందము. గ్రామ నక్షను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గ్రామమంతయు సర్వే నంబరులుగా విభజింపబడి, ప్రతి నంబరునకు పహాణీలో ఒక పద్దు ఉండును. అటులే చిత్రమంతయు సమానమైన చిన్న గళ్ళుగా విభజింపబడి, ప్రతి గడికి ఒక అంకె ఇయ్యబడును. ఈ గడినే పిక్సెల్ అందురు. పూర్తి నలుపునకు 0, పూర్తి తెలుపునకు 255. నడుమనున్నవన్నియు బూడిద ఛాయలు. రంగుల చిత్రమైనచో ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు వేరువేరుగా మూడు అంకెలు ఉండును. 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు మొట్టమొదట ఒక ఛాయాచిత్రమును కంప్యూటరులోనికి ఎక్కించెను. అందు 176 వరుసలు, వరుసకు 176 గళ్ళు. ఆ చిత్రము ఆయన మూడు నెలల కుమారుని ముఖము! నేడు సామాన్యమైన సెల్‌ఫోను కూడ 4,000 గళ్ళ వెడల్పు, 3,000 గళ్ళ ఎత్తు, అనగా ఒక కోటి ఇరువది లక్షల గళ్ళ చిత్రమును తీయుచున్నది. సరిదిద్దుట అనగా ఈ అంకెలను ఒక నియమము ప్రకారము మార్చుటయే. ఇందు మాయయేమియు లేదు.

ఇక మన ప్రాంతపు ముఖ్యమైన చిక్కు. తెల్లని ధోవతి, తెల్లని అంగీ, తలకు తెల్లని రుమాలు చుట్టుకొనిన రైతు, సున్నము వేసిన గోడ ముందు నిలుచున్నాడు. ఎండలో పనిచేసిన ముఖము నల్లగా ఉన్నది. కెమెరాకు మనిషి తెలియడు. దానికి వెలుతురు మాత్రమే తెలియును. చిత్రమంతటిని సగటున నడిమి బూడిద ఛాయగా ఉంచవలెనని దాని లెక్క. ఇన్ని తెలుపులు కన్పడగనే 'వెలుతురు ఎక్కువైన'దని తలచి, చిత్రమునంతటిని తగ్గించివేయును. గోడ బూడిదరంగుగ మారును, ముఖము బొగ్గువలె మారును. కన్నులు, ముక్కు కలిసిపోవును. కార్డులపై మన పెద్దల చిత్రములు చీకటిగా ఉండుటకు కారణములలో ఇది ముఖ్యమైనది. వారి రంగునందు ఎట్టి లోపమును లేదు. లోపము కొలతలో ఉన్నది.

దీనికి మందు చిత్రము తీయునపుడే వేయవలెను. సెల్‌ఫోను తెరపై ముఖము కనబడుచోట వ్రేలితో తాకినచో కెమెరా ముఖమును బట్టి లెక్క వేసికొనును. ప్రక్కనే సూర్యుని గుర్తు కనబడును. దానిని కొంచెము పైకి జరిపినచో వెలుతురు ఇంకను పెరుగును. గోడ కొంచెము తెల్లబడినను చింతలేదు, ముఖమే ముఖ్యము.

తీసిన పిదప సరిదిద్దవలసి వచ్చిన యెడల ఎట్లు చేయవలెనో ఒక ఉదాహరణమును చూతము. ముఖమునందలి గళ్ళ సగటు అంకె 45, రుమాలు అంచు 230 అనుకొందము. అనుభవము లేనివారు 'వెలుగు పెంచు' అను మీటను నొక్కి అన్నిటికిని 41 కలుపుదురు. ముఖము 86 అగును, బాగున్నది. రుమాలు 271 కావలెను, కాని 255ను మించి అంకె లేదు కనుక అక్కడనే ఆగిపోవును. రుమాలు మడతలు, అంచు, వెనుకనున్న గోడ అన్నియు ఒకే తెలుపై అదృశ్యమగును. తెలిసినవారు వక్రరేఖ పద్ధతిని వాడుదురు. చీకటి భాగములను ఎక్కువగా, వెలుతురు భాగములను తక్కువగా లేపుట ఇందలి కిటుకు. 1/1.6 అను ఘాతముతో లెక్కించినచో 45 అంకె 86 అగును. 230 మాత్రము 239 దగ్గర ఆగును. ముఖము వెలుగును, రుమాలు మడతలును నిలుచును. స్టూడియోకు పోయినపుడు "వెలుతురు పెంచు"మని గాక, "నీడలను మాత్రము లేపు"మని అడుగుట మేలు.

అయితే ముఖపు అంకెలు 45 వద్ద గాక 0, 1, 2ల వద్ద పడియున్నచో ఏ వక్రరేఖయు పనిచేయదు. నీరు లేని బావిలో ఎంత పెద్ద మోటారు పెట్టిన ప్రయోజనమేమి?

చీకటిలో తీసిన చిత్రములకు మరియొక జబ్బు కలదు. ముఖమంతట ఇసుక చల్లినట్లు చుక్కలు లేచును. దీనిని తొలగించుటకు మధ్యస్థ పద్ధతి అనునది మిక్కిలి సులువైనది. ఒక గడిని, దాని చుట్టునున్న ఎనిమిదింటిని కలిపి తొమ్మిదింటిని తీసికొనుడు: 60, 62, 61, 63, 255, 60, 64, 62, 61. నడుమనున్న 255 తప్పుడు చుక్క. సగటు తీసినచో 83 వచ్చును. తప్పు తగ్గినదే గాని పోలేదు. వరుసగా పేర్చి నడిమి అంకెను తీసినచో 62 వచ్చును. చుక్క పూర్తిగా మాయమగును. తొమ్మండుగురు కూర్చున్న సభలో ఒకడు ఎంత బిగ్గరగా అరచినను నడిమి అభిప్రాయము మారనట్లే ఇదియును. కాని ఈ పద్ధతిని పదే పదే వాడినచో ముఖముపై ముడుతలు కూడ తప్పుడు చుక్కలతోపాటు పోవును. డెబ్బది ఏండ్ల అవ్వకు ముడుతలు తీసివేసిన తరువాత మిగులునదేమి?

అంచులకు పదును పెట్టుట కూడ ఇట్టిదే. చిత్రమునకు మసక ప్రతి ఒకటి చేసి, అసలుకును దానికిని గల భేదమును తిరిగి అసలునకు కలిపినచో కనురెప్పలు, మీసము, చీర అంచు తేరుకొని కనబడును. ఫిల్ముల కాలమున చీకటిగదిలో చేసిన పనియే నేడు కంప్యూటరు చేయుచున్నది. ఉప్పువలె దీనిని కొలతతో వేయవలెను. మితిమీరినచో తలచుట్టు తెల్లని గీత ఒకటి ఏర్పడి, మనిషిని కత్తిరించి అతికించినట్లు ఉండును.

రంగుల విషయమున ఒక చిన్న హెచ్చరిక చాలును. ట్యూబులైటు క్రింద ముఖములకు పచ్చని ఛాయ పట్టును, బల్బు క్రింద పసుపు ఛాయ పట్టును, వీనిని సరిదిద్దవచ్చును. అయితే ముఖమునకు పసుపు రాసికొనిన ముత్తైదువను చూచి, ఆ పసుపును కూడ దీపపు దోషముగా భావించి తుడిచివేయు అవకాశము యంత్రమునకు కలదు. ప్రక్కన ఒక తెల్లకాగితమును ఉంచి ఒక చిత్రమును తీసికొనినచో, కాగితము తెలుపు అగునంతవరకు సరిదిద్దిన చాలును. పసుపు పసుపుగానే ఉండును.

ఇక పెద్దది చేయుట. గోడపటము 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల ఎత్తు అనుకొనుడు. చేతిలో పట్టుకొని చూచినను బాగుండవలెనన్నచో అంగుళమునకు 200 గళ్ళు కావలెను. అనగా 2,400 గళ్ళ వెడల్పు, 3,600 గళ్ళ ఎత్తు, మొత్తము 86 లక్షలకు పైచిలుకు. దగ్గరనుండి తీసిన సెల్‌ఫోను చిత్రము దీనికి సరిపోవును. కార్డుపై నున్న చిత్రము రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్నచో, మంచి స్కానరుతో అంగుళమునకు 600 గళ్ళ చొప్పున ఎక్కించినను 472 గళ్ళు మాత్రమే వచ్చును. వానిని 12 అంగుళములకు పరచినచో అంగుళమునకు 39 గళ్ళు. అందునను కార్డుపై నున్నది అచ్చు చుక్కల సముదాయము గాని నిజమైన ఛాయాచిత్రము కాదు. పెద్దది చేయగా ముఖము బదులు చుక్కలే పెద్దవగును.

మిగిలిన గళ్ళను ఎట్లు నింపవలెను? పూర్వ పద్ధతులు ఇరుగుపొరుగు అంకెల నడుమ సరాసరిని వేయును. ముఖము మసకగా నుండును, కాని అది ఆ మనిషి ముఖమే. క్రొత్తగా వచ్చిన కృత్రిమ మేధ పద్ధతులు వేరు. అవి లక్షలాది ఇతరుల ముఖములను చూచి నేర్చుకొని, 'ఇటువంటి మసక ముఖమునకు ఇటువంటి కన్నులుండవచ్చు'నని ఊహించి కన్నులను గీయును. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారి అట్టి సాధనమునకు మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా యొక్క మసక చిత్రమును ఇచ్చిచూడగా, అది స్పష్టమైన ఒక తెల్లజాతి పురుషుని ముఖమును తయారుచేసి ఇచ్చెను. ప్రపంచమంతయు ఎరిగిన ముఖమునకే ఈ గతి పట్టినపుడు, ఏ చిత్రములలోను లేని మన పల్లె పెద్ద ముఖము సంగతి చెప్పవలెనా? పటములో తాతగారు మారిపోవుటకు రహస్యము ఇదియే. స్టూడియోవారిని ముందుగనే అడుగవలసిన మాట ఒకటి కలదు: "ముఖమును యంత్రముతో క్రొత్తగా గీయింపవద్దు. మసకగా నున్నను సరే, చిన్నదిగా నున్నను సరే." 12 అంగుళములకు బదులు 4 అంగుళముల పటము కట్టించి, చుట్టును వెడల్పైన తెల్ల అంచు వదలినచో చిన్న చిత్రము కూడ నిండుగా కనబడును.

చిత్రమును పంపుటలో జరుగు నష్టమును చాలమంది గమనింపరు. వాట్సాప్ ద్వారా మామూలుగా పంపిన చిత్రము మార్గమధ్యముననే కుదింపబడి, గళ్ళలో చాలభాగమును పోగొట్టుకొనును. అదే చిత్రమును 'డాక్యుమెంటు'గా పంపినచో చెక్కుచెదరక చేరును. ఫ్లెక్సీలపై మన నాయకుల ముఖములు చదరపు పెంకులు పరచినట్లు కనబడుటకు కారణము తరచుగ ఇదియే. ఒకరినుండి ఒకరికి పదిమారులు పంపబడిన చిత్రమును తుదకు ఇరువది అడుగులకు సాగదీయుదురు. ఫ్లెక్సీని దూరమునుండి చూతురు కనుక అంగుళమునకు 72 గళ్ళున్నను చాలును. ఆ మాత్రము కూడ మిగులనిచ్చుట లేదు.

అచ్చుయంత్రమునకు బూడిదరంగు తెలియదు. నల్లసిరా ఉన్నది, కాగితపు తెలుపు ఉన్నది, అంతే. వార్తాపత్రికలోని చిత్రమును భూతద్దముతో చూచినచో పెద్దవి, చిన్నవియైన చుక్కలు వరుసగా కనబడును. చుక్క పెద్దదైనచోట నీడ, చిన్నదైనచోట వెలుతురు. పంచాయతీ కార్యాలయపు ప్రింటరు కూడ ఇట్లే కంటిని మాయచేయును. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అను ఇరువురు ఇందుకై ఒక చక్కని లెక్కను ప్రకటించిరి. ఒక గడి అంకె 100 అయినచో దానిని నలుపుగానో తెలుపుగానో ముద్రింపక తప్పదు. నలుపుగా ముద్రించినచో 100 మిగిలిపోయినది. ఆ మిగులును పారవేయక, పద్దుల పుస్తకములో నిలువను ముందునకు తెచ్చుకొనునట్లు, కుడి గడికి పదునారింట ఏడు వంతులు, క్రింది గడికి ఐదు వంతులు, క్రింది ఎడమకు మూడు, క్రింది కుడికి ఒకటి చొప్పున పంచవలెను. ఎచ్చటను సొమ్ము పోలేదు కనుక, దూరమునుండి చూచినపుడు ఛాయలన్నియు సరిగా కనబడును.

కాగితమునుబట్టి మరియొక కష్టము కలదు. ముతక కాగితము సిరాను పీల్చి చుక్కను వ్యాపింపజేయును. సగము భాగము నింపవలసిన చుక్క వార్తాపత్రిక కాగితముపై నాలుగింట మూడు వంతులకు వ్యాపించుట సాధారణము. నడిమి ఛాయలే ఎక్కువగా దెబ్బతినును. మన ముఖముల ఛాయలు ఉండునదియు అక్కడనే! కనుక గ్రామోత్సవపు సంచికయో, కరపత్రమో అచ్చువేయించునపుడు, తెరపై చూచిన దానికంటె ముఖము కొంచెము తేటగా ఉండునట్లు సరిదిద్ది ఇయ్యవలెను. మొత్తము అచ్చు వేయకముందు అదే కాగితముపై ఒక్క ప్రతిని తీయించి చూచుట వ్యయము తక్కువ, లాభము ఎక్కువ.

ప్రభుత్వ కార్యములకు వాడు చిత్రముల సంగతి వేరు. ఛాయాచిత్రముతో కూడిన ఓటరు గుర్తింపు కార్డులను 1993లో ఎన్నికల సంఘము ప్రవేశపెట్టిన నాటినుండి గ్రామీణుని ముఖమే అతని దస్తావేజు అగుచు వచ్చినది. మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పనులయందు కూలీల హాజరును దినమునకు రెండు మారులు సెల్‌ఫోను చిత్రములతో నమోదు చేయుట 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేయబడెను. చిత్రమునకు చిత్రము తీసి పంపుట, సంబంధము లేని చిత్రములను ఎక్కించుట జరుగుచున్నదని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రములకు తెలిపెను. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు సజీవులైయున్నట్లు ముఖమును చూపి ధ్రువపరచు పద్ధతి 2021 నవంబరులో ప్రారంభింపబడెను. ఇట్టి చోట్ల చిత్రము చీకటిగా నున్నచో అందముతో గాక, మనిషి హక్కుతో ముడిపడును.

యంత్రములకు అన్ని ముఖములును సమానముగా తెలియవు. ముఖమును చూచి స్త్రీయో పురుషుడో చెప్పు మూడు సంస్థల యంత్రములను అమెరికాలో జాయ్ బౌలామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అను పరిశోధకురాండ్రు పరీక్షించి 2018లో ఫలితములను ప్రకటించిరి. తెల్లని పురుషుల విషయమున తప్పులు 0.8 శాతమునకు మించలేదు. నల్లని స్త్రీల విషయమున ఒక యంత్రము 34.7 శాతము తప్పు చెప్పెను. పొలమున పనిచేయు స్త్రీల ముఖములను యంత్రము గుర్తింపక పోయినపుడు, తప్పు ఆమెదేయని తొందరపడి నిర్ణయింపరాదు. మొదట వెలుతురులో మరల చిత్రము తీయింపవలెను. అప్పటికిని కుదరనిచో అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

దరఖాస్తుల చిత్రములలో వెలుతురు, రంగు సరిదిద్దవచ్చును, పరిమాణము తగ్గింపవచ్చును. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తుగల చిత్రమునకు అంగుళమునకు 300 చొప్పున 413, 531 గళ్ళు చాలును. మచ్చలు తీయుట, రంగు తెలుపు చేయుట, దవడ సన్నము చేయుట ఎంతమాత్రము కూడదు. కొన్ని సెల్‌ఫోనులలో ఈ సొగసుల మీట కొన్ననాటినుండియే తెరచియుండును. దానిని వెదకి మూయవలెను.

ప్రతి పంచాయతీయును సంవత్సరమున ఒక దినము, అరువది ఏండ్లు దాటినవారి చిత్రములను తీయించు ఏర్పాటు చేసినచో వ్యయము స్వల్పము. దీనికి పెద్ద కెమెరా అక్కరలేదు. గ్రామములో చక్కగా చిత్రములు తీయు యువకుడో, యువతియో ఒకరుందురు. ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటల నడుమ, బడి వరండాలోనో, చెట్టునీడలోనో, ఎండ నేరుగా పడక వెలుతురు మాత్రము ముఖముపై పడుచోట కుర్చీ వేయవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో కన్నులు గుంటలవలె కనబడును. వెనుక తెల్లగోడకు బదులు లేత బూడిదరంగు దుప్పటియో, నేతచీరయో కట్టినచో కెమెరా మోసపోదు. నల్లని నేల ఉన్నచో మోకాళ్ళపై ఒక తెల్లని తువ్వాలు పరచుట వలన గడ్డము క్రింది నీడ తగ్గును.

కెమెరా కూర్చున్నవారి కన్నుల ఎత్తున ఉండవలెను, ఐదడుగుల దూరముండవలెను. దూరము ఏలయనగా, ముక్కు కొనకును చెవికిని నడుమ సుమారు 12 సెంటీమీటర్లున్నదనుకొనుడు. 30 సెంటీమీటర్లనుండి తీసినచో, చెవితో పోల్చగా ముక్కు 40 శాతము పెద్దదిగా కనబడును. 150 సెంటీమీటర్లనుండి తీసినచో 8 శాతము మాత్రమే. సెల్‌ఫోనును ముఖమునకు ఆన్చి తీసినచో ఎంత అందగాని ముక్కయినను బత్తాయివలె ఉండక తప్పదు. రెండింతలు దగ్గర చేయు లెన్సు ఫోనులో ఉన్నచో దానిని వాడవలెను. వ్రేళ్ళతో తెరను సాగదీయుట మాత్రము గళ్ళను పోగొట్టుకొనుటయే.

పెద్దలను నిటారుగా కూర్చుండుమని, నవ్వుమని నిర్బంధింపరాదు. కళ్ళజోడు, రుమాలు, చుట్ట ఏది వారి నిత్యవేషమో అదియే ఉండనీయవలెను; దరఖాస్తు కొరకు కళ్ళజోడు తీసిన చిత్రమును వేరుగా తీసికొనవచ్చును. ఒక్కొక్కరికి ఐదారు చిత్రములు తీసి, వారికే చూపి, వారు మెచ్చినదానిని ఉంచవలెను. చిత్రము వలదన్నవారిని ఒత్తిడి చేయరాదు. ఇంటివారి అనుమతి లేక ఫ్లెక్సీలపైకిగాని, ఫోను బృందములలోనికిగాని వానిని వదలరాదు.

మూలచిత్రమును ఎన్నడును మార్చక అట్లే ఉంచి, సరిదిద్దినదానిని వేరే పేరుతో దాచవలెను. ఫైలునకు మనిషి పేరు, ఇంటిపేరు, వాడ, తీసిన తేదీ వ్రాయవలెను. దీన్ దయాళ్ నాటి చిత్రములలోని సామాన్యులకు దక్కనిది ఆ పేరే. ఒక ప్రతి పంచాయతీ కంప్యూటరులోను, మరియొకటి బడిలో వేరే డిస్కుపైనను ఉండవలెను. కుటుంబమునకు ఒక కాగితపు ప్రతిని అప్పుడే ముద్రించి ఇయ్యవలెను. ఫోను నీటిలో పడవచ్చును, డిస్కు చెడవచ్చును. మంచి కాగితముపై ముద్రించి, ఎండ తగులని గోడకు కట్టిన చిత్రము పలు సంవత్సరములు నిలుచును.